పెన్ డ్రైవ్ పలకనప్పుడు ఏం చేయాలి?

పాల సేకరణ కేంద్రాలలో లెక్కలు రాసే పద్ధతి ఒక్క తరం కాలంలోనే చాలా మారింది. వెనకటి రోజుల్లో లాక్టోమీటరు, గెర్బరు గొట్టాలు, చేతిరాత రిజిస్టరు, ఇవే సంఘానికి ఆస్తి. నేడు చాలా సంఘాలలో పాల తూకం, వెన్నశాతం, వెన్న కాని ఘనపదార్థాలు, ధర అన్నీ యంత్రమే చూసి యంత్రమే రాసుకుంటోంది. రైతు చేతికి చిన్న చీటీ వస్తోంది. సిగ్నలు బాగా ఉన్న ఊళ్ళలో ఆ లెక్కలు నేరుగా ఆఫీసుకు చేరుతున్నాయి. సిగ్నలు నిలకడగా లేని ఊళ్ళలో, ముఖ్యంగా మన్యం వైపు, కార్యదర్శులు వాటిని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి లాప్‌టాప్ ఉన్న చోటికి తీసుకెళ్తున్నారు.

ఇక్కడే ఒక చిక్కు వస్తోంది. పెన్ డ్రైవ్ పెట్టగానే లాప్‌టాప్ పలకదు. తెర మీద ఏమీ కనిపించదు. లేదా ‘ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి’ అని అడుగుతుంది. బిల్లు గడువు దగ్గర పడిన రోజున కంగారులో ఆ మీట నొక్కితే, పదిహేను రోజుల లెక్క కంటికి కనబడకుండా పోతుంది. అటువంటి సమయంలో ఏ పని ముందు, ఏ పని తర్వాత, ఏ పని అసలు చేయరాదు అన్న విషయాలను సభ్యులకూ కార్యదర్శులకూ ఉపయోగపడేలా ఇక్కడ వివరిస్తున్నాము.

పోయేది ఎవరి సొమ్ము?

ఒక సంఘంలో 80 మంది సభ్యులు ఉన్నారనుకుందాం. రోజుకు రెండు పూటలు, పదిహేను రోజులు. మొత్తం 2,400 పద్దులు. పూటకు 300 లీటర్లు వస్తే పదిహేను రోజులకు 9,000 లీటర్లు. లీటరు సగటున 40 రూపాయలు వేసుకున్నా అది 3,60,000 రూపాయల లెక్క. బొటనవేలంత పరికరంలో ఇంత సొమ్ము తాలూకు సాక్ష్యం ఉంటుంది.

పాలు అప్పటికే ట్యాంకరులో వెళ్ళిపోయి ఉంటాయి. మళ్ళీ కొలవడానికి గాని, పరీక్ష చేయడానికి గాని వీలుండదు. లెక్క పోతే మిగిలే దారి అందరికీ సగటు వెన్న వేసి బిల్లు కట్టడమే. గేదె పాలలో వెన్న 7 శాతం దరిదాపుల్లో ఉంటుంది, ఆవు పాలలో 4 శాతం దరిదాపుల్లో ఉంటుంది. సగటు కడితే ఒక్క గేదెను మేపుకుంటూ చిక్కని పాలు పోసే సభ్యురాలికి నష్టం. నీళ్ళపాలు పోసినవారికి లాభం. వెన్నను బట్టి ధర అన్న సహకార న్యాయమే అక్కడ దెబ్బ తింటుంది. అందుచేత దీనిని కంప్యూటరు తెలిసినవారి వ్యవహారంగా మాత్రమే చూడరాదని మా మనవి.

ముందుగా చేయరాని పనులు

పెన్ డ్రైవ్ పలకలేదని తెలియగానే మూడు పనులు మానుకోవాలి.

ఒకటి: తెర మీద ‘ఫార్మాట్’ అనిగాని, ‘ఇనిషియలైజ్’ అనిగాని అడిగితే ‘క్యాన్సిల్’ నొక్కాలి. 

రెండు: సేకరణ యంత్రం జ్ఞాపకంలో ఉన్న పాత పద్దులను తుడిచివేయరాదు. పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించినంత మాత్రాన యంత్రంలోని లెక్క వెంటనే పోదు. ఎన్ని రోజుల లెక్క అందులో నిలుస్తుందన్నది యంత్రాన్ని బట్టి ఉంటుంది, దానితో ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. యంత్రంలో లెక్క ఉన్నంతవరకు వేరే పెన్ డ్రైవ్‌లోకి మళ్ళీ ఎక్కించుకోవచ్చు. సగం ఇబ్బందులు ఈ ఒక్క పనితోనే తీరిపోతాయి.

మూడు: పలకని పెన్ డ్రైవ్ మీద కొత్తగా ఏమీ రాయరాదు.

పెన్ డ్రైవ్ లోపలి సంగతి

యు.ఎస్.బి. అనే ఈ అమరిక 1996లో వచ్చింది. దానిని రూపొందించిన ఇంటెల్ ఇంజనీర్ల బృందంలో ముఖ్యుడు అజయ్ భట్. ఆయన చదువుకున్నది గుజరాత్‌లోని వడోదరలో. మన పాల సహకారానికి పుట్టినిల్లయిన ఆణంద్ అక్కడికి దగ్గరే. పెన్ డ్రైవ్‌లు బజారులోకి వచ్చింది 2000లో.

మామూలు పెన్ డ్రైవ్ మూతి లోపల చూస్తే నాలుగు రాగి రంగు పట్టీలు కనిపిస్తాయి. అంచుల్లో ఉన్న రెండూ కరెంటువి. ఇవి 5 వోల్టులు మోస్తాయి. నడుమ ఉన్న రెండూ లెక్కలను అటూ ఇటూ చేరవేసేవి. అంచు పట్టీలు కాస్త పొడుగు, నడిమి పట్టీలు కాస్త పొట్టి. కరెంటు ముందు అంది, ఆ తర్వాత మాట కలవడానికే ఈ ఏర్పాటు. కనుక పెన్ డ్రైవ్ లైటు వెలిగినంత మాత్రాన అంతా బాగున్నట్లు కాదు. కరెంటు అందిందని మాత్రమే దానికి అర్థం. నడిమి పట్టీల మీద మురికి ఉంటే లైటు వెలుగుతుంది గాని లాప్‌టాప్ గుర్తించదు. నీలం రంగు నాలుక ఉన్న రంధ్రాలలో ఇంకో ఐదు పట్టీలు అదనంగా ఉంటాయి. అవి వేగం కోసం.

పట్టీల వెనుక రెండు చిప్పులు ఉంటాయి. ఒకటి లెక్కలు దాచేది, రెండోది లాప్‌టాప్‌తో మాట్లాడేది. దాచే చిప్పులో మొదట ఒక విషయసూచిక ఉంటుంది. ఏ పద్దు ఎక్కడ ఉందో చెప్పే పుట అది. రిజిస్టరులో సూచిక పుట చిరిగినా లోపలి పుటలు ఉన్నట్లే, పెన్ డ్రైవ్‌లో సూచిక చెడినా లెక్కలు చాలాసార్లు లోపల భద్రంగానే ఉంటాయి. ‘ఫార్మాట్ చేయమంటారా’ అని లాప్‌టాప్ అడిగేది ఆ సూచికను చదవలేకనే. ఒప్పుకుంటే పాత సూచిక స్థానంలో ఖాళీ సూచిక వస్తుంది. ‘క్విక్’ అన్న గుర్తు తీసివేసి పూర్తి ఫార్మాట్ చేస్తే లోపలి పుటలు కూడా చెరిగిపోతాయి.

తప్పు ఎక్కడుందో తేల్చే పరీక్ష

ఒక క్యాను పాలలో తేడా వస్తే మనం వెంటనే పాలు పారబోయము. లాక్టోమీటరు సరిగా ఉన్నదా, నమూనా సరిగా తీశారా, ఆ తర్వాతనే పాల సంగతి అని వరుసగా చూస్తాము. ఇక్కడ కూడా అదే వరుస.

మొదట పెన్ డ్రైవ్‌ను తీసి వెలుతురులో మూతిని చూడాలి. పాల కేంద్రంలో చేతులు తడి, బల్ల తడి. పాల చుక్క పడి ఆరితే అందులోని చక్కెర, లవణాలు పట్టీల మీద పొరలా అంటుకుంటాయి. విశాఖ, భీమిలి వంటి సముద్రతీర ప్రాంతాలలో ఉప్పుగాలి, తేమ వల్ల పట్టీలు నల్లబడడం, చిలుము పట్టడం కూడా ఉంటుంది. మందుల దుకాణంలోగాని, ఎలక్ట్రానిక్ సామాను దుకాణంలోగాని దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలును దూదిపుల్లకు కొద్దిగా అద్ది పట్టీలను తుడవాలి. పూర్తిగా ఆరిన తర్వాతే పెట్టాలి. నీళ్ళతో తుడవరాదు. గుండుసూదితో గీకరాదు. లాప్‌టాప్ రంధ్రంలో దుమ్ము ఉంటే లాప్‌టాప్ ఆపివేసి, చేతి పంపుతో గాలి కొట్టాలి. నోటితో ఊదితే తేమ లోపలికి పోతుంది.

తర్వాత పెన్ డ్రైవ్‌ను లాప్‌టాప్‌కు నేరుగా పెట్టాలి. మధ్యలో పొడిగింపు తీగ, నాలుగు రంధ్రాల పెట్టె వంటివి వద్దు. ఒక రంధ్రంలో పలకకపోతే రెండో రంధ్రంలో చూడాలి. పెట్టిన కొద్దిసేపటికే చెయ్యి చురుక్కుమనేంత వేడెక్కితే వెంటనే తీసివేయాలి. లోపల షార్టు అయిందని గుర్తు.

ఇంకా పలకకపోతే మార్చి చూసే పరీక్ష చేయాలి. ఇది రెండు నిమిషాల పని. ఇదే పెన్ డ్రైవ్‌ను వేరొక లాప్‌టాప్‌లో పెట్టాలి. బాగున్నదని తెలిసిన వేరొక పెన్ డ్రైవ్‌ను ఈ లాప్‌టాప్‌లో పెట్టాలి. ఫలితాలు ఇలా ఉంటాయి.

మన పెన్ డ్రైవ్ వేరేచోట పలికి, ఇక్కడ ఏదీ పలకకపోతే తప్పు లాప్‌టాప్‌ది.

మన పెన్ డ్రైవ్ ఎక్కడా పలకక, వేరే పెన్ డ్రైవ్ ఇక్కడ పలికితే తప్పు పెన్ డ్రైవ్‌ది.

రెండూ రెండుచోట్లా పలికితే మొదట సరిగా కూర్చోలేదని అర్థం.

లాప్‌టాప్‌లన్నిటిలో పలికి, పాల సేకరణ యంత్రంలో మాత్రమే పలకకపోతే అది వేరే సంగతి. దానిని కింద చెప్పాము.

తప్పు లాప్‌టాప్‌ది అయితే

లాప్‌టాప్‌ను ‘రీస్టార్ట్’ చేయాలి. ‘షట్ డౌన్’ చేసి మళ్ళీ పెట్టడం, ‘రీస్టార్ట్’ చేయడం ఒకటే అని చాలామంది అనుకుంటారు. విండోస్ 8 నుండి ఈ రెంటికీ తేడా ఉన్నది. త్వరగా తెరుచుకోవడం కోసం ‘షట్ డౌన్’లో విండోస్ తన స్థితిని కొంత దాచిపెట్టుకుని మళ్ళీ అదే తెస్తుంది. ‘రీస్టార్ట్’లో అన్నిటినీ కొత్తగా మొదలుపెడుతుంది. కనుక రీస్టార్టే చేయాలి.

అప్పటికీ కాకపోతే, ‘స్టార్ట్’ గుర్తు మీద మౌసు కుడి మీట నొక్కి ‘డివైస్ మేనేజర్’ తెరవాలి. అందులో ‘యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్’ అన్న వరుస కింద పసుపు ముక్కోణం ఉన్న పేరుగాని, ‘అన్‌నోన్ యు.ఎస్.బి. డివైస్’ అన్న పేరుగాని ఉందేమో చూడాలి. ఉంటే దాని మీద కుడి మీట నొక్కి ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ ఎంచుకుని, పెన్ డ్రైవ్ తీసి, లాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి మళ్ళీ పెట్టాలి. ఇందువల్ల పెన్ డ్రైవ్‌లోని లెక్కలకు ఏమీ కాదు. లాప్‌టాప్ ఆ పరికరాన్ని మళ్ళీ కొత్తగా పరిచయం చేసుకుంటుంది, అంతే.

పెన్ డ్రైవ్ కాసేపు పలికి, కాసేపు మాయమవుతుంటే అదే వరుసలోని ‘యు.ఎస్.బి. రూట్ హబ్’ తెరిచి, ‘పవర్ మేనేజ్‌మెంట్’ పుటలో కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపవచ్చు అన్న చోట ఉన్న టిక్కు తీసివేయాలి. ఆ పుట కొన్ని లాప్‌టాప్‌లలో కనిపించదు. అప్పుడు లాప్‌టాప్‌ను చార్జరుకు తగిలించి ప్రయత్నించాలి.

ఆఫీసు లాప్‌టాప్ అయితే మరొక కారణం కూడా ఉండవచ్చు. వైరస్ భయంతో కొన్ని ఆఫీసుల్లో పెన్ డ్రైవ్‌లు పలకకుండా కావాలనే కట్టడి చేస్తారు. అక్కడ మన ప్రయత్నాలేవీ పనిచేయవు. కంప్యూటర్లు చూసే ఉద్యోగిని అడగడమే మార్గం.

పెన్ డ్రైవ్ వెలుగుతున్నా కనబడకపోతే

మళ్ళీ ‘స్టార్ట్’ గుర్తు మీద కుడి మీట నొక్కి ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవాలి. ఇక్కడ చూడడమే పని, మార్చడం కాదు. ముఖ్యంగా లాప్‌టాప్ సొంత డిస్కు మీద చెయ్యి వేయరాదు. పెన్ డ్రైవ్‌ను దాని పరిమాణాన్ని బట్టి గుర్తుపట్టవచ్చు. అక్కడ నాలుగు రకాలుగా కనబడవచ్చు.

మొదటిది: పరిమాణం సరిగా ఉండి, ‘హెల్దీ’ అని రాసి ఉండి, పక్కన అక్షరం లేకపోవడం. పెన్ డ్రైవ్ బాగానే ఉన్నది, దానికి పేరు దొరకలేదు. కుడి మీట నొక్కి ‘చేంజ్ డ్రైవ్ లెటర్’ ఎంచుకుని ఖాళీగా ఉన్న ఏదో ఒక అక్షరం ఇస్తే చాలు.

రెండవది: ‘రా’ అని కనబడడం. సూచిక పుట చెడింది. లెక్కలు లోపల ఉండే అవకాశం ఎక్కువ. ఫార్మాట్ చేయరాదు.

మూడవది: ‘అన్‌అలొకేటెడ్’ అని నల్లని పట్టీ కనబడడం. హద్దురాళ్ళు పోయిన పొలం వంటిది. భూమి ఉన్నది, గట్టు లేదు. కొత్త గట్టు వేస్తామని ‘న్యూ వాల్యూమ్’ నొక్కరాదు.

నాలుగవది: ‘నో మీడియా’ అని కనబడడం. మాట్లాడే చిప్పు ఉన్నది గాని దాచే చిప్పు అందడం లేదు. ఇంటి దగ్గర చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

రెండు, మూడు రకాలలో లెక్కలు వెలికి తీయడానికి ‘టెస్ట్‌డిస్క్’, ‘ఫోటోరెక్’ అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. మొదటిది పోయిన హద్దులను వెదుకుతుంది. రెండవది సూచికతో పని లేకుండా లోపలి పుటలను ఒక్కొక్కటిగా వెదికి బయటకు తీస్తుంది. పుటల పేర్లు పోవచ్చు గాని, లోపలి సరుకు చాలాసార్లు దొరుకుతుంది. దొరికినదాన్ని మళ్ళీ అదే పెన్ డ్రైవ్‌లో వేయకుండా లాప్‌టాప్‌లో దాచుకోవాలి. అనుభవం ఉన్నవారి సాయం తీసుకోవడం మంచిది.

పాల యంత్రం మాత్రమే గుర్తించకపోతే

కొత్త పెన్ డ్రైవ్ కొని తెచ్చిన రోజున ఈ ఇబ్బంది ఎక్కువగా వస్తుంది. పెన్ డ్రైవ్‌లో సూచిక రాసే పద్ధతులు పలురకాలు. పాత సేకరణ యంత్రాలు చాలావాటికి తెలిసింది ‘ఫ్యాట్ 32’ అనే పద్ధతి ఒక్కటే. పేరు మన ఫ్యాటులాగే వినిపించినా వెన్నకూ దీనికీ సంబంధం లేదు. 64 జి.బి., అంతకు మించిన పెన్ డ్రైవ్‌లు సాధారణంగా ‘ఎక్స్‌ఫ్యాట్’ పద్ధతిలో వస్తాయి. యంత్రానికి అది చదవరాదు. కనుక పాల లెక్కలకు పెద్ద పెన్ డ్రైవ్ కొనడం దండుగ. 8 గాని 16 గాని జి.బి.ది కొని, ఏమీ వేయకముందే లాప్‌టాప్‌లో ‘ఫ్యాట్ 32’గా ఫార్మాట్ చేసి యంత్రంలో పరీక్షించాలి. ఫార్మాట్ మీట నొక్కడానికి తగిన సమయం అదే.

లెక్కలు మాయమై గుర్తులు మాత్రం మిగిలితే

పెన్ డ్రైవ్ పలుకుతుంది గాని, అందులో మన పద్దులకు బదులు చిన్న బాణం గుర్తు ఉన్న ‘షార్ట్‌కట్’లు కనబడతాయి. ఇది వైరస్ పని. అది పద్దులను చెరపకుండా దాచివేస్తుంది. బాణం గుర్తు మీద నొక్కితే వైరస్ లాప్‌టాప్‌లోకి ఎక్కుతుంది. విండోస్‌తోపాటే వచ్చే ‘డిఫెండర్’తో పెన్ డ్రైవ్‌ను తనిఖీ చేయించి, ఫోల్డరు తెరిచే కిటికీలో ‘వ్యూ’ కింద ‘హిడెన్ ఐటమ్స్’ ఎంచుకుంటే దాగిన పద్దులు చాలాసార్లు కనబడతాయి. పెళ్ళి వీడియోలకూ సినిమా పాటలకూ వాడే పెన్ డ్రైవ్‌లను పాల లెక్కలకు వాడడం వల్ల వచ్చే జాడ్యం ఇది.

పట్నం బస్సు ఎక్కేముందు

ఆనందపురం, పద్మనాభం వైపు సంఘాలవారు ఇటువంటి పనుల మీద విశాఖ వచ్చి మద్దిలపాలెం కూడలిలో దిగుతుంటారు. ఒక పూట పని, బస్సు చార్జీలు, రిపేరు ఖర్చు, ఇవన్నీ సంఘానివే. కనుక బయలుదేరేముందు మార్చి చూసే పరీక్ష ఊళ్ళోనే చేసుకోవాలి. తప్పు లాప్‌టాప్‌దని తేలితే లాప్‌టాప్‌నే తేవాలి, పెన్ డ్రైవ్‌ది అని తేలితే అది ఒక్కటీ చాలు. రిపేరు చేసేవారికి మొట్టమొదట చెప్పవలసిన మాట ఇది: ‘మాకు పెన్ డ్రైవ్ బాగుపడడం కాదు, లోపలి లెక్కలు కావాలి.’ ఈ మాట చెప్పకపోతే ఫార్మాట్ చేసి బాగుపడిందని చేతికి ఇచ్చే ప్రమాదం ఉన్నది. ఖర్చు ఎంతవుతుందో ముందే అడగాలి. యంత్రంలో లెక్క ఇంకా ఉంటే ఆ ఖర్చు అసలు అవసరమే లేదు, కొత్త పెన్ డ్రైవ్ కొనుక్కుని వెళ్ళిపోవచ్చు.

సంఘాలు పాటించదగిన పద్ధతి

1. సంఘానికి రెండు పెన్ డ్రైవ్‌లు ఉండాలి. ఒక బిల్లుకు ఒకటి, మరుసటి బిల్లుకు రెండవది. వాటి మీద సంఘం పేరు అంటించాలి. వేరే పనికి వాడరాదు.

2. పదిహేను రోజులు ఆగకుండా మూడు నాలుగు రోజులకొకసారి లెక్కలు ఎక్కించాలి. ఏదైనా జరిగినా పోయేది కొద్ది పూటల లెక్కే.

3. లాప్‌టాప్ నుండి తీసేముందు ‘ఎజెక్ట్’ నొక్కాలి. యంత్రంలో అయితే పని ముగిసినట్లు తెర మీద వచ్చేవరకు ఆగాలి. రాస్తుండగా లాగివేయడం, రాస్తుండగా కరెంటు పోవడం, సూచిక చెడడానికి ముఖ్య కారణాలు ఈ రెండే.

4. మూత పెట్టి, తేమ తగలని డబ్బాలో ఉంచాలి. తాళం చెవులతో కలిపి జేబులో వేయరాదు.

5. పెన్ డ్రైవ్‌ను బీరువాలో పెట్టి ఏళ్ళ తరబడి లెక్కలు దాచడం సరికాదు. కరెంటు తగలకుండా పడి ఉంటే కాలక్రమంలో లోపలి రాత బలహీనపడుతుంది. ఇది మోసుకెళ్ళే సంచి, ధాన్యపు గాదె కాదు.

6. ఒక్కసారి మొరాయించి మళ్ళీ పలికిన పెన్ డ్రైవ్‌ను నమ్మరాదు. లెక్కలు తీసుకుని దానిని పక్కన పెట్టాలి.

సభ్యులు చేయవలసింది

యంత్రం ఇచ్చే చీటీ చాలాచోట్ల వేడికి నల్లబడే కాగితం మీద వస్తుంది. ఎండకు, వేడికి, చమురు చేతులకు ఆ అక్షరాలు కొన్ని నెలలలో వెలిసిపోతాయి. కాబట్టి ఏ పూట చీటీ ఆ పూట పాలపుస్తకంలో పెన్నుతో ఎక్కించుకోవాలి. లీటర్లు, వెన్నశాతం, సొమ్ము, ఈ మూడూ చాలు. రాయడం రానివారికి ఇంట్లో చదువుకునే పిల్లలు రాసిపెట్టవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తర్వాత చాలా ప్రాంతాలలో రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి రోజుల్లో పనిచేసేది కాగితం, కలం మాత్రమే.

యంత్రంలో ఒక లెక్క, పెన్ డ్రైవ్‌లో ఒక లెక్క, సభ్యుల పుస్తకంలో ఒక లెక్క. ఈ మూడూ ఉంటే ఏ ఒక్కటి మొరాయించినా బిల్లు ఆగదు, ఎవరి వెన్నా సగటులో కరిగిపోదు. పాలకవర్గాలు వచ్చే సమావేశంలో ఈ విషయాన్ని చర్చించి, రెండవ పెన్ డ్రైవ్ కొనుగోలుకు తీర్మానం చేయవలసిందిగానూ, ఈ పుటను సేకరణ కేంద్రంలో అందరికీ కనబడేలా అంటించవలసిందిగానూ సభ్య సంఘాలను కోరుతున్నాము.